ఒక మూగ చిత్రం చెప్పిన మాట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వక్తే స్వయంగా రాసి ఇచ్చారు.)



ఏటా ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిల గురించో, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించో మాట్లాడుకుంటాం. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ముందు వరసలోనే కూర్చున్నారు. కార్యదర్శిగారు మాత్రం, "మాష్టారూ, ఈసారి మీరు సినిమా గురించి మాట్లాడండి. అందరూ వందసార్లు చూసిన సినిమా గురించి మాత్రం వద్దు" అన్నారు. అందుకని ఈ హాల్లో ఎవరూ చూసి ఉండరని నమ్మకంగా చెప్పగల చిత్రం ఒకటి ఎంచుకున్నాను. అది మాటలు లేని చిత్రం. రంగులూ లేవు. మన దేశంలో తీసింది కాదు. వయసు నూరేళ్ళు దాటింది. దొంగలు, కత్తిపోట్లు, పోలీసులు ఉన్న నేర కథ. పేరు 'రీజనరేషన్'. పునర్జన్మ అనుకోండి. 1915 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైంది. ఐదు రీళ్ళు, సుమారు డెబ్బై నిమిషాలు.

నేను దీన్ని వెతుక్కుంటూ వెళ్ళి చూడలేదు. మా మనవడు చదువుకుంటూ ఏదో వెతుకుతుంటే కంప్యూటరులో కనిపించిందట. "తాతయ్యా, మాటల్లేని సినిమా ఉంది, చూస్తావా? నీకెలాగూ సరిగా వినపడదు కదా" అన్నాడు. చెవి గురించి వాడన్నది నిజమే కాబట్టి కోపం తెచ్చుకోలేదు. పది నిమిషాలు చూసి లేద్దామనుకుని కూర్చున్నాను. అయిపోయేదాకా లేవలేదు. మర్నాడు మళ్ళీ పెట్టించుకుని చూశాను.

కథ న్యూయార్కు నగరంలో బావరీ అనే పేదవాడల ప్రాంతంలో జరుగుతుంది. ఓవెన్ అనే పదేళ్ళ పిల్లవాడికి తల్లి చనిపోయింది. తల్లి పెట్టెను బండి మీద తీసుకుపోతుంటే వాడు మేడ కిటికీలోంచి చూస్తుంటాడు. ఏడుపు లేదు, గుండెలు బాదుకోవడం లేదు. కిటికీ దగ్గర చిన్న ముఖం ఒకటి, కింద వీధిలో కదిలిపోయే బండి, అంతే. నాకు అక్కడే గొంతు పట్టుకుంది. ఎదురింటి దంపతులు వాడిని తెచ్చుకుంటారు. ప్రేమతో కాదు, ఇంటి చాకిరీకి. ఆ ఇంటాయన తాగుబోతు. తాగితే చెయ్యి లేస్తుంది. ఒకరోజు పిల్లవాడు ఆ ఇల్లు విడిచి వీధిలో పడతాడు.

పదిహేడేళ్ళ వయసులో ఓవెన్ గూని ఉన్న ఒక కుర్రవాడిని ఏడిపిస్తున్న రౌడీతో తలపడి వాడిని కాపాడతాడు. ఆ గూనివాడిని మరచిపోకండి, చివర్లో వస్తాడు. ఇరవై ఐదేళ్ళు వచ్చేసరికి ఓవెన్ ఒక ముఠాకు నాయకుడు. బలం ఉంది, తెగింపు ఉంది, అక్షరం మాత్రం లేదు. రాక్‌లిఫ్ ఫెలోస్ అనే నటుడు ఈ పాత్ర వేశాడు. మూగ చిత్రాలంటే కళ్ళు తిప్పడం, చేతులు ఊపడం అనుకుంటాం కదా, ఈయన అదేమీ చేయడు. నిలబడి ఊరికే చూస్తాడు. ఆ చూపులోనే ఈ మనిషికి తన మీద తనకే గౌరవం లేదని మనకు తెలిసిపోతుంది.

మేరీ డీరింగ్ అనే సంపన్నుల ఇంటి అమ్మాయి, స్నేహితులతో కలిసి ఈ పేటను వింత చూడటానికి వస్తుంది. వెంట ప్రభుత్వ న్యాయవాది ఉన్నాడు. ముఠాలను ఏరివేస్తానని ప్రకటించిన మనిషి. ముఠావాళ్ళు ఆయన్ని గుర్తుపట్టి చుట్టుముడతారు. మేరీ ముఖంలో భయం చూసి ఓవెన్ అడ్డుపడి విడిపిస్తాడు. తరువాత మేరీ ఆ పేటలోనే ఒక సేవాకేంద్రంలో చేరి పనిచేయడం మొదలుపెడుతుంది. ఓవెన్‌కు చదవడం, రాయడం నేర్పుతుంది. పేరు చెబితే వీధి వీధంతా తప్పుకునే మనిషి పుస్తకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చుంటాడు. చూస్తుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే జాలేస్తుంది.

ఇక్కడ ఒక్క మాట. తాగుబోతు ఇల్లు, దాన్ని మార్చగలిగిన అక్షరం మనకు తెలియని సంగతులు కావు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రి బడిలో వాచకం చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా అంగడి మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. మనలో కొందరు ఆ అక్షరాస్యత కేంద్రాలలో పనిచేసినవాళ్ళే. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి మొదటిసారి తన పేరు తాను రాసుకున్నప్పుడు ఆ ముఖం ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. ఈ చిత్రంలో ఆ ముఖం మళ్ళీ చూడవచ్చు.

ఇప్పుడు కథలో ముడి. ఓవెన్ పాత ముఠాలో స్కిన్నీ అనేవాడు ఒక పోలీసును కత్తితో పొడుస్తాడు. పొడిచి పరుగెత్తుకుంటూ వచ్చి, దాచమని ఓవెన్‌ను అడుగుతాడు. ఓవెన్ మారిన మనిషే. కానీ ఒకప్పుడు స్కిన్నీ తనను కాపాడాడు. ఆ రుణం ఉంది. చట్టం ఒక పక్క, స్నేహం ఒక పక్క, మేరీకి ఇచ్చిన మాట ఇంకో పక్క. ఓవెన్ వాడిని దాస్తాడు. మనం ముప్పై, ముప్పై ఐదేళ్ళు కార్యాలయాల్లో పనిచేసినవాళ్ళం. "పాత స్నేహితుడు, ఒక్కసారికి సర్దేద్దాం" అన్న పరిస్థితి ఎదురుకానివాళ్ళు ఈ హాల్లో ఎందరున్నారో చెప్పండి! ఒక్కసారికే అనుకున్నది ఎక్కడిదాకా పోతుందో ఈ చిత్రం చూపిస్తుంది. మేరీ ఓవెన్‌ను వెతుక్కుంటూ ముఠా స్థావరానికి వెళుతుంది. అక్కడ స్కిన్నీ చేతికి చిక్కుతుంది. ఒక గదిలో దూరి తలుపు వేసుకుంటుంది. ఓవెన్, పోలీసులు వచ్చేసరికి స్కిన్నీ పేల్చిన గుండు ఆమెకు తగులుతుంది. ఆమె దక్కదు.

ఓవెన్ స్కిన్నీ గొంతు పట్టుకుంటాడు. చంపేయడమే తరువాయి. ఆ క్షణంలో మేరీ రూపం కళ్ళ ముందు నిలుస్తుంది, చేతులు సడలుతాయి. స్కిన్నీ తప్పించుకుని, రెండు మేడల మధ్య బట్టలు ఆరేసుకునే తాడు పట్టుకుని వేలాడుతూ పారిపోబోతాడు. అప్పుడు మన గూనివాడు తుపాకీ పేలుస్తాడు. చివరి దృశ్యంలో మేరీ సమాధి దగ్గర ఓవెన్, పక్కన ఆ గూని స్నేహితుడు.

చిత్రంలో లోపాలు లేవని నేననను. స్కిన్నీలో మంచి అన్నది మచ్చుకైనా చూపలేదు. మధ్యలో వచ్చే పలకల మీద నీతి కొంచెం ఎక్కువైంది. డబ్బున్న అమ్మాయి వచ్చి పేదవాణ్ణి ఉద్ధరించడం ఈనాటివారికి అంత రుచించదు. మా మనవడైతే, "చివర్లో ఆవిణ్ణి ఎందుకు చంపారు తాతయ్యా?" అని నిలదీశాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకబోతే మరో కథ బయటపడింది.

ఈ చిత్రానికి ఆధారం ఓవెన్ కిల్డేర్ అనే ఆయన 1903లో ప్రచురించిన ఆత్మకథ. బావరీలో అనాథగా పెరిగి, ముప్పై ఏళ్ళ వరకు తనకు చదవడం రాయడం రాదని ఆయనే రాసుకున్నాడు. ఒక బడిపంతులమ్మ ఆయనకు చదువు చెప్పింది. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. పెళ్ళి కాకముందే ఆమె జబ్బు చేసి పోయింది. చిత్రంలో తుపాకీ గుండు కల్పితం, దుఃఖం మాత్రం నిజం. ఆమె నేర్పిన అక్షరాలతోనే ఆయన పుస్తకాలు రాసి రచయిత అయ్యాడు. ఆ ఆత్మకథ మొదట నాటకమైంది, తరువాత చిత్రమైంది. చిత్రం వచ్చేనాటికి కిల్డేర్ లేడు, 1911లోనే పోయాడు. తన కథ తెర మీద చూసుకునే యోగం ఆయనకు లేకపోయింది.

దర్శకుడు రావుల్ వాల్ష్. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళవాడు, న్యూయార్కులోనే పుట్టి పెరిగాడు. ప్రసిద్ధ దర్శకుడు గ్రిఫిత్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, ఫాక్స్ సంస్థకు వచ్చి తీసిన పెద్ద చిత్రం ఇది. స్టూడియోలో పేదవాడ సెట్టు వేయలేదు. కెమెరా పట్టుకుని నేరుగా ఆ వీధులకే పోయాడు. గుంపుల్లో కనిపించే ముఖాల్లో చాలా భాగం ఆ పేటవాళ్ళవే. పళ్ళు లేనివాళ్ళు, ముక్కు వంకరవాళ్ళు, చలికి ముడుచుకున్న ముసలివాళ్ళు, మెట్ల మీద పిల్లలు. రంగు పూసుకుని వచ్చిన ముఖాలు కావవి. పూర్తి నిడివి ముఠా చిత్రాలలో ఇదే మొదటిదని చాలామంది చరిత్రకారులు అంటారు. వాల్ష్ తరువాత అర్ధ శతాబ్దం పాటు చిత్రాలు తీశాడు. 1949లో వచ్చిన 'వైట్ హీట్' మీలో కొందరు చూసి ఉండవచ్చు.

పేదపిల్లలను, తల్లులను సేవాకేంద్రంవారు ఓడలో విహారానికి తీసుకువెళితే అది తగలబడే దృశ్యం ఒకటుంది. పెద్ద ఓడ, పొగ, నీళ్ళలోకి దూకే జనం. ఆనాటి న్యూయార్కు ప్రేక్షకులకు అది కల్పన అనిపించి ఉండదు. 1904 జూన్ 15న 'జనరల్ స్లోకం' అనే ఓడ అక్కడి నదిలో విహారయాత్రకు వెళుతూ తగలబడి వెయ్యిమందికి పైగా పోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. హాల్లో కూర్చున్నవారిలో ఎవరి ఇంట్లో ఎవరు పోయారో అనిపించింది నాకు.

ఇక ఈ చిత్రం అరుదైనదని ఎందుకంటున్నానో చెబుతాను. ఆ రోజుల్లో చిత్రాలను నైట్రేట్ ఫిల్ము మీద తీసేవారు. అది తొందరగా అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్ళతో ఆరదు. అంటుకోకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ జిగురు కట్టి, పొడి అయిపోతుంది. 1937 జులై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీ అనే ఊళ్ళో ఫాక్స్ సంస్థ ఫిల్ములు దాచిన గిడ్డంగి ఎండ వేడికి తగలబడిపోయింది. ఆ సంస్థ మూగ చిత్రాలలో ఎక్కువ భాగం బూడిద అయ్యాయి. 'రీజనరేషన్' కూడా పోయిందనే అందరూ అనుకున్నారు. తీసిన వాల్ష్ ఉన్నాడు, చిత్రం లేదు.

1976లో మోంటానా రాష్ట్రంలో మిజూలా అనే ఊళ్ళో పడగొట్టబోతున్న ఒక భవనం నేలమాళిగలో దీని ప్రతి ఒకటి బయటపడింది. పాత చిత్రాలను వెతికి కాపాడటమే పనిగా పెట్టుకున్న డేవిడ్ షెపర్డ్ అనే ఆయన దాన్ని చేజిక్కించుకున్నాడు. న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియంలో ఇది భద్రమైంది. 2000 సంవత్సరంలో అమెరికా జాతీయ చిత్రాల జాబితాలోకి ఎక్కింది. ఈనాటి ప్రతిలో కూడా కొన్నిచోట్ల బొమ్మ కరిగినట్టు, చెదలు తిన్నట్టు కనిపిస్తుంది. ఫిల్ము కుళ్ళిన గుర్తులవి. ఇంకొంచెం ఆలస్యమైతే ఇదీ మిగిలేది కాదు.

మిత్రులారా, ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పుకుంటే తప్ప ఈ ప్రసంగం పూర్తికాదు.

ఉద్యోగంలో కొన్నేళ్ళు ఒక కార్యాలయంలో రికార్డు గది నా అధీనంలో ఉండేది. ఎల్.డిస్. అంటే ఏడాది, డి.డిస్. అంటే పదేళ్ళు, ఆర్.డిస్. అంటే శాశ్వతం అని ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పాత భవనం ఖాళీ చేసి కొత్త దాంట్లోకి మారాలని ఉత్తర్వు వచ్చింది. గడువు రెండు వారాలు. అటకల మీద వందల కట్టలు, దుమ్ము, చెదలు. కట్ట మీది చీటీ చూసి నాశనం చేయదగినవి అని జాబితా రాశాం. ప్రతి కట్టా విప్పి చూడాలి. విప్పలేదు. జాబితా కింద సంతకం నాదే.

రెండేళ్ళ తరువాత ఒకావిడ వచ్చింది. భర్త మా దగ్గరే అటెండరుగా చేసి పోయాడు. ఆయన సర్వీసు రిజిస్టరు మొదటి సంపుటం కనబడలేదు. పర్మనెంటు కాకముందు ఆయన చేసిన ఆరేళ్ళ పనికి పాత జీతాల పట్టీలే ఆధారం. అవి ఆ కట్టల్లో ఉండేవి. ఆ ఆరేళ్ళూ లెక్కలోకి రాలేదు, ఆ మేరకు ఆమెకు రావలసింది తగ్గింది. నేను చేతులు కట్టుకుని నిలబడితే, "పోనీండి బాబూ, ఉన్నవాటికే ఇప్పించండి" అంది. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. ఆమె తిట్టలేదు. నాకు మెమో రాలేదు, ఇంక్రిమెంటు ఆగలేదు. నియమం ప్రకారం నా జాబితా సరిగానే ఉంది. ఆ కాగితాల విలువ ఎంతో ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

పడగొట్టబోయే భవనంలో ఆ డబ్బాను ఎవరో ఒకరు విప్పి చూశారు. నేను విప్పలేదు. తేడా అంతే.

ఆలోచిస్తే చిత్రంలో మేరీ చేసింది కూడా అదే. పోలీసులకు, పెద్దమనుషులకు, ఆఖరికి తనకు తానే పనికిరానివాడనిపించిన మనిషిని ఆమె మొదట విప్పి చూసింది. లోపల ఏముందో చూశాకే మాట్లాడింది.

మనవాటి సంగతి ఇంకా బాధాకరం. మన దేశంలో సుమారు 1300 మూగ చిత్రాలు తయారయ్యాయి. పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి ముప్పైకి మించవు. మన తెలుగువాడు రఘుపతి వెంకయ్యనాయుడుగారు ఊరూరా తిరిగి బొమ్మలాడించి, మద్రాసులో సినిమా హాలు కట్టారు. ఆయన, కుమారుడు ప్రకాశ్‌గారు కలిసి 1921 ప్రాంతంలో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఇప్పుడు చూద్దామంటే లేదు. 1932లో వచ్చిన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా చూడటానికి దొరకదు. మా నాన్నగారు చిన్నప్పుడు డేరాలో మూగ చిత్రం చూశారట. తెర పక్కన ఒకాయన నిలబడి పలకల మీది రాతలు పెద్దగా చదివి చెప్పేవాడట, చదువురానివాళ్ళ కోసం. ఏ చిత్రమో, ఆయన ఎవరో నేను అడగలేదు. అడిగే వయసు నాకు వచ్చేసరికి చెప్పడానికి నాన్నగారు లేరు. అది కూడా నేను విప్పని కట్టే.

అందుకని ఒక మనవి చేసి ముగిస్తాను. రేపు ఇంటికి వెళ్ళాక మీ అటక మీది ట్రంకు పెట్టె ఒకటి దింపించండి. మీరు ఎక్కవద్దు, మోకాళ్ళు జాగ్రత్త! పిల్లల చేత దింపించండి. అందులో పాత సినిమా పాటల పుస్తకాలుంటాయి, నాటకాల కరపత్రాలుంటాయి, పేర్లు రాయని ఫోటోలుంటాయి. ఫోటో వెనక ఎవరెవరో పెన్సిలుతో రాయండి, పెన్నుతో రాస్తే ముందుకు దిగుతుంది. సర్వీసు కాగితాలు, పింఛను ఉత్తర్వులు ఒక సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్ళకు చూపించండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఏదైనా పారేయాలనుకుంటే పారేయండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక్కసారి విప్పి చూసి పారేయండి.

వీలైతే ఆ చిత్రం కూడా చూడండి. మీ మనవలను పక్కన కూర్చోబెట్టుకోండి. పలకల మీది ఇంగ్లీషు వాళ్ళు చదివి చెబుతారు, కిటికీ దగ్గరి పిల్లవాడు ఎందుకు ఏడవలేదో మీరు చెప్పండి. వినపడకపోయినా ఫరవాలేదు, ఆ చిత్రంలో వినడానికి మాటలేమీ లేవు.